వ్యుత్పత్తివాదం తర్వాత చూద్దాం, ముందు తర్కసంగ్రహం రెండుసార్లు

మీ ప్రశ్న నిదానంగా చదివాను. నాలుగేళ్లుగా సంస్కృతం చదువుతున్నారు. రఘువంశం కొన్ని సర్గలు, గీత మొత్తం టీకతో అయ్యాయి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. వాక్యం వింటే అర్థం ఎలా తెలుస్తుందో మన శాస్త్రాలు ఏం చెప్పాయో నేర్చుకోవాలని గదాధరుడి వ్యుత్పత్తివాదం (వాక్యార్థం గురించి న్యాయశాస్త్రంలో వచ్చిన కఠినమైన గ్రంథం) తెరిచి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ఏ పుస్తకాలు, ఏ వరుసలో చదవాలని అడిగారు. కంప్యూటర్‌లో అరవై పీడీఎఫ్‌లు పోగయ్యాయని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

ఆ అరవైలో ఈ ఏడాదికి మీకు కావలసినవి మూడే: న్యాయశాస్త్రానికి మొదటి మెట్టు అయిన అన్నంభట్టు తర్కసంగ్రహం, దాని మీద ఆయనే రాసుకున్న దీపిక, విశ్వనాథ పంచాననుడి న్యాయసిద్ధాంతముక్తావళిలో శబ్దఖండం, అంటే మాట వల్ల కలిగే జ్ఞానం గురించిన భాగం. మిగతావన్నీ ఒక ఫోల్డర్‌లో పడేసి, కొన్నాళ్లు దాని జోలికి వెళ్లకండి.

ముందు మిమ్మల్ని ఆపిన ఆ వాక్యం సంగతి చూద్దాం. "శాబ్దబోధే చైకపదార్థేఽపరపదార్థస్య సంసర్గః సంసర్గమర్యాదయా భాసతే." వాక్యం విన్నాక కలిగే జ్ఞానంలో ఒక పదం అర్థానికి ఇంకో పదం అర్థంతో ఉన్న సంబంధం కూడా తెలుస్తుంది. అయితే ఆ సంబంధాన్ని ఏ పదమూ విడిగా చెప్పదు, పదాల పొందిక వల్లే అది తోస్తుంది. "నీలో ఘటః" తీసుకోండి. నీల అనే పదం నల్లనిదాన్ని చెప్పింది, ఘట అనే పదం కుండను చెప్పింది. ఆ నల్లనిదీ ఈ కుండా ఒకటే అన్న సంగతి ఎవరు చెప్పారు? ఏ పదమూ చెప్పలేదు, అయినా మీకు తెలిసింది. గ్రంథమంతా ఈ ఒక్క ఆశ్చర్యం మీదే నడుస్తుంది. అందుకే దాన్ని చూడగానే మీ మనసు లాగింది. అది మంచి లక్షణం. కానీ శక్తి, విశేష్యం, ప్రకారం, అవచ్ఛేదకం లాంటి శాస్త్రపు మాటలు అప్పటికే నోట్లో ఆడుతున్నవాడి కోసం గదాధరుడు రాశాడు. నేనూ చదువుకునే రోజుల్లో రెండో ఏడే అవచ్ఛేదకత్వనిరుక్తి అనే కఠినమైన గ్రంథం పట్టుకున్నాను. పంక్తులు కంఠస్థం అయ్యాయి కానీ ఒక్క పంక్తీ కుదరలేదు. తిరిగి దీపికకు వచ్చాకే దారి కనిపించింది. మీకు ఆ ఏడాది పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నంభట్టు మనవాడే, తెలుగువాడు. కాశీ వెళ్లి అక్కడ పేరు తెచ్చుకున్నాడు. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః", అంటే కాశీ వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఇప్పటికీ అంటారు. ఆయన పుస్తకం చిన్నది, గట్టిగా కూర్చుంటే ఒక పూటలో చదివేయవచ్చు. అలా చదివేస్తేనే నష్టం. అందులో ప్రతి లక్షణంలోనూ, అంటే నిర్వచనంలోనూ, ప్రతి మాటా ఏదో ఒక దోషాన్ని ఆపడానికి కాపలా ఉంటుంది. ఆ కాపలా ఎందుకో కనిపెట్టడాన్నే పదకృత్యం అంటారు.

ఒకటి చేసి చూపిస్తాను. "సంస్కారమాత్రజన్యం జ్ఞానం స్మృతిః." సంస్కారం (పాత అనుభవం మనసులో వదిలిన ముద్ర) వల్ల మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి. ఇందులో 'మాత్ర' మీద వేలు పెట్టి మూసేయండి. సంస్కారం వల్ల పుట్టే జ్ఞానం అని మిగిలింది. ఇరవై ఏళ్ల తర్వాత స్టేషన్‌లో చిన్ననాటి స్నేహితుడు ఎదురయ్యాడు, "వీడు వాడే" అనుకున్నారు. అది ప్రత్యభిజ్ఞ. దానిలో పాత సంస్కారమూ పనిచేసింది, ఎదురుగా ఉన్న మనిషితో కంటి సంబంధమూ పనిచేసింది. 'మాత్ర' లేకపోతే లక్షణం దానికీ పట్టేస్తుంది, ఇలా హద్దు దాటి పట్టడమే అతివ్యాప్తి. ఇప్పుడు 'జ్ఞానం' మూసేయండి. సంస్కారం నశించడానికీ సంస్కారమే ఒక కారణం కదా, ఆ ధ్వంసానికీ లక్షణం పట్టేస్తుంది. రెండు మాటలూ ఉంటేనే లక్షణం నిలబడుతుంది. వ్యాఖ్య చూడకముందే మీరు ఇలా ఒక్కో మాటా మూసి దోషం వెతకాలి. దొరకకపోతే అప్పుడు చూడండి. గోవర్ధనుడి న్యాయబోధిని, చంద్రజసింహుడి పదకృత్యం సరిగ్గా ఈ పనికే రాసినవి. మూలంతో కలిపి అచ్చయిన ప్రతులు తేలిగ్గా దొరుకుతాయి.

మొదటిసారి మూలం, పదకృత్యం. రెండోసారి మూలం, దీపిక. రోజుకు గంట పెడితే రెండు చదువులకూ కలిపి ఎనిమిది నెలలు పడుతుంది. అంతకంటే తొందరగా అయిపోతోందంటే ఎక్కడో దాటేస్తున్నారన్నమాట. ఇంగ్లీషులో సాయం కావాలంటే 1897లో బొంబాయి సంస్కృత గ్రంథమాలలో వచ్చిన అథల్యే, బోడస్ ప్రతి ఇప్పటికీ పనికొస్తుంది, దాని నోట్స్ చాలా పెద్దవి. అంతకంటే నాకు ఇష్టమైనది కుప్పుస్వామి శాస్త్రి గారు 1932లో మద్రాసులో అచ్చు వేయించిన పాఠ్యపుస్తకం. అది తర్కసంగ్రహం వెంటే నడుస్తుంది. శాస్త్రం లోపల పెరిగినవాడు బయటివాడికి చెప్పే తీరు అందులో ఉంది.

నవ్యన్యాయ భాష, అంటే గదాధరుడి లాంటి తర్వాతి కాలపు నైయాయికులు (న్యాయశాస్త్రజ్ఞులు) రాసే భాష, అంటే మీకున్న భయం గురించి. పొడుగాటి సమాసాలు చూసి అదేదో వేరే సంస్కృతం అనుకుంటారు. నిజానికి అందులో వ్యాకరణం తక్కువే. త్వ, తా అనే భావప్రత్యయాలు, మతుప్, ఇని, ల్యుట్, తత్పురుష, బహువ్రీహి బాగా వస్తే సగం పని అయినట్టే. లఘుకౌముది అనే వ్యాకరణ పుస్తకంలో కారక, సమాస ప్రకరణాలు ఒకసారి తిరగేయండి, చాలు. కష్టమంతా 'అవచ్ఛేదకం' దగ్గర ఉంటుంది. దాన్ని వంటింట్లోంచే చెబుతాను.

"ఇంట్లో బియ్యం లేవు" అన్నారు. ఏది లేదో అది ప్రతియోగి, ఇక్కడ బియ్యం. దానిలో ఉండే ప్రతియోగిత ఎంతవరకు పోతుందో హద్దు గీసేది అవచ్ఛేదకం, ఇక్కడ బియ్యంతనం. డబ్బాలో దొడ్డు బియ్యం ఉన్నాయనుకోండి, మీ మాట అబద్ధం. ఇప్పుడు "ఇంట్లో సన్న బియ్యం లేవు" అనండి. డబ్బా అదే, అందులో ఉన్నవీ అవే, మాట నిజమైపోయింది. మారిందల్లా హద్దు: ముందు బియ్యంతనం, తర్వాత సన్నబియ్యంతనం. దీన్నే శాస్త్రంలో ఘటత్వావచ్ఛిన్నప్రతియోగితాకాభావం, నీలఘటత్వావచ్ఛిన్నప్రతియోగితాకాభావం అంటారు. మాట పొడుగు కానీ విషయం మన బియ్యం డబ్బాదే.

ఇది పట్టుబడ్డాక దీపికలో వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న లాంటి నియమం) లక్షణం తీయండి: "హేతుసమానాధికరణాత్యంతాభావాప్రతియోగిసాధ్యసామానాధికరణ్యం." ఒక్క సమాసం. దేన్ని చూసి ఊహిస్తామో అది హేతువు, ఇక్కడ పొగ; దేన్ని ఊహిస్తామో అది సాధ్యం, ఇక్కడ నిప్పు. పొగ ఉన్న చోట్ల ఏమేం లేవో చూడండి: కొండమీద కుండ లేదు, వంటింట్లో ఏనుగు లేదు. కుండ, ఏనుగు ఆ అభావాలకు (లేకపోవడాలకు) ప్రతియోగులు. నిప్పు మాత్రం ఆ జాబితాలోకి ఎప్పటికీ రాదు, పొగ ఉన్న ఏ చోటా నిప్పు లేకపోవడం దొరకదు కాబట్టి. అలా జాబితాలోకి రాని నిప్పుతో పొగ ఒకే చోట ఉండడం వ్యాప్తి. ఇప్పుడు తలకిందులు చేయండి, నిప్పు హేతువు, పొగ సాధ్యం. ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ జాబితాలోకి వచ్చేసింది, లక్షణం పట్టదు. ఈ రెండు వైపులా మీరు పుస్తకం మూసి నోటితో చెప్పగలిగిన రోజున ముక్తావళికి వెళ్లండి.

నోటితో అని కావాలనే అంటున్నాను. ఇది కళ్లతో చదివితే వచ్చే శాస్త్రం కాదు. ఇంట్లో వినేవాళ్లు లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. ఎక్కడ మాట తడబడిందో అక్కడే మీకు అర్థం కాలేదని తెలిసిపోతుంది.

ముక్తావళి మొత్తం ఇప్పుడే వద్దు. శబ్దఖండం తీసుకోండి. తర్కసంగ్రహంలో శబ్దం గురించి నాలుగు ముక్కల్లో చెప్పి వదిలేశాడు: ఆప్తుడి (నమ్మదగినవాడి) వాక్యం శబ్దం, శక్తి (అర్థాన్ని తెలిపే సామర్థ్యం) ఉన్నది పదం, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి వాక్యార్థజ్ఞానానికి కారణాలు. "గౌరశ్వః పురుషో హస్తీ", ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అంటే ఒకదానికి ఇంకోటి అక్కర్లేదు, ఆకాంక్ష లేదు. "అగ్నినా సించేత్", నిప్పుతో తడపాలి అంటే యోగ్యత లేదు. పూటకో మాట చొప్పున "గామ్" (ఆవును) ఇప్పుడు, "ఆనయ" (తీసుకురా) ఇంకో మూడు గంటలకు అంటే సన్నిధి లేదు. ముక్తావళి వీటిలో ఒక్కోదాన్ని పట్టుకుని అసలు ఆకాంక్ష అంటే ఏమిటి, అది ఎక్కడ ఉంటుంది, తాత్పర్యజ్ఞానం (చెప్పేవాడి ఉద్దేశం తెలియడం) కూడా కారణమా కాదా అని తవ్వుతుంది. భోజనం దగ్గర "సైంధవమానయ" అంటే ఉప్పు తెస్తాం, ప్రయాణం దగ్గర అంటే గుర్రం తెస్తాం. పదం అదే కదా మరి.

అందులోనే పదానికి అర్థం ఎలా నేర్చుకుంటామో చెప్పే శ్లోకం ఉంది: వ్యాకరణం, ఉపమానం, నిఘంటువు, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణ, తెలిసిన పదం పక్కన ఉండడం. ఈ ఎనిమిదింటిలో వ్యవహారం దగ్గర కాసేపు ఆగండి. పెద్దాయన "గామానయ" అన్నాడు, రెండో ఆయన ఆవును తెచ్చాడు. పక్కన పిల్లవాడు చూస్తున్నాడు. తర్వాత "గాం బధాన" అన్నాడు, కట్టేశాడు. "అశ్వమానయ" అన్నాడు, గుర్రం వచ్చింది. ఏ ముక్క తీస్తే ఏది మారిందో చూసి పిల్లవాడు ఒక్కో పదాన్నీ విడదీసుకుంటాడు. మీ ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంటే ఈ పాఠం మీ కళ్లముందే జరుగుతుంటుంది. ఈ ఖండానికి వి. ఎన్. ఝా గారి ఇంగ్లీషు అనువాదం ఉంది. ముక్తావళి మొత్తానికి స్వామి మాధవానంద అనువాదం ఉంది. పక్కన పెట్టుకోండి, ముందు మాత్రం పెట్టుకోకండి.

ఇక అసలు రుచి న్యాయం, వ్యాకరణం, మీమాంస (వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రం) అనే మూడు శాస్త్రాలు ఒకే వాక్యం దగ్గర విడిపోవడంలో ఉంది. మీరు ఇంతదూరం రావాలనుకున్నది దీనికోసమే అనుకుంటాను. "చైత్రః గ్రామం గచ్ఛతి." చైత్రుడు ఊరికి వెళ్తున్నాడు. విన్నాక మనకు కలిగిన జ్ఞానంలో ప్రధానం ఎవరు? నైయాయికుడు చైత్రుడంటాడు. ఊరు కర్మగా ఉన్న గమనానికి అనుకూలమైన ప్రయత్నం గలవాడు చైత్రుడు, అని అతని బోధ. ప్రథమావిభక్తిలో ఉన్నదాని అర్థమే ముఖ్యవిశేష్యం, అంటే బోధలో ప్రధానం, మిగతావన్నీ దానికి విశేషణాలు. వైయాకరణుడు కాదంటాడు. చైత్రుడు కర్తగా, ఊరు కర్మగా, ఇప్పుడు జరుగుతున్న వెళ్లడం, అని అతని బోధ. వ్యాపారమే, అంటే జరిగే పనే ప్రధానం. మీమాంసకుడు తిఙ్ప్రత్యయం (క్రియాపదం చివరి ప్రత్యయం) చెప్పే భావనను, అంటే ఫలం సాధించే ప్రయత్నాన్ని, మధ్యలో కూర్చోబెడతాడు. దేన్ని సాధించాలి, దేనితో, ఎలా అనే మూడు ఆకాంక్షలు దాని చుట్టూ తిరుగుతాయి.

ఇది మాటల గారడీ అనిపిస్తే "పశ్య మృగో ధావతి" చూడండి. చూడు, లేడి పరుగెత్తుతోంది. చూడవలసింది ఏమిటి? పరుగునే అంటాడు వైయాకరణుడు. వ్యాపారం ప్రధానం కాబట్టి ఆ పరుగే చూడడానికి కర్మ అవుతుంది, ఒకే వాక్యంగా కుదురుతుంది. నైయాయికుడి లెక్కలో లేడి ప్రధానం, అదే చూడడానికి కర్మ కావాలి. అప్పుడు "మృగమ్" అని ద్వితీయావిభక్తి రావద్దా? ఇది అతని మీద వేసిన ఆక్షేపణ. 'దాన్ని' అనే మాట అధ్యాహారం చేసుకుంటాం (బయటి నుంచి తెచ్చుకుంటాం), "లేడి పరుగెత్తుతోంది, దాన్ని చూడు" అని నైయాయికుడి సమాధానం.

నేను పాఠం చెప్పేటప్పుడు ఇక్కడ తెలుగు తెస్తాను. మనం "లేడి పరుగెత్తడం చూడు" అనీ అంటాం, "పరుగెత్తే లేడిని చూడు" అనీ అంటాం. మొదటిది వైయాకరణుడి బోధ, రెండోది నైయాయికుడి బోధ. సంస్కృతంలో ఒకే వాక్యం లోపల దాక్కున్న తగాదా తెలుగులో రెండు వాక్యాలుగా బయటపడుతుంది. తెలుగు పుట్టుకతో వచ్చినవాడికి ఇది పెద్ద సాయం. అందుకే శాబ్దబోధ రాసేటప్పుడు పక్కనే తెలుగులో కూడా రాయమంటాను.

ఈ మలుపు దాటాక మీ మనసు ఎటు లాగితే అటు వెళ్లండి. వ్యాకరణం వైపైతే కౌండభట్టు వైయాకరణభూషణసారం, నాగేశభట్టు పరమలఘుమంజూష. మీమాంస వైపైతే లౌగాక్షి భాస్కరుడి అర్థసంగ్రహం. చిన్న పుస్తకమే, భావన విషయం మొదట్లోనే వస్తుంది. పదాలు విడివిడిగా అర్థాలు చెప్పాక ఆ అర్థాలు కలుస్తాయా, లేక కలిసిన అర్థాన్నే పదాలు చెబుతాయా అన్న కుమారిల, ప్రభాకరుల వాదం అక్కడి నుంచి అందుతుంది. న్యాయంలోనే ఉంటానంటే జగదీశుడి శబ్దశక్తిప్రకాశిక, ఆ తర్వాతే మీ వ్యుత్పత్తివాదం. మూడింటినీ పక్కపక్కన చూడాలనుకున్న రోజున ఎన్. ఎస్. రామానుజ తాతాచార్యుల శాబ్దబోధమీమాంస ఉంది. పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ వేసిన సంపుటాలు. సంస్కృతంలోనే రాశారు, విషయం కఠినమైనా వాక్యం సరళం.

ఇంగ్లీషులో మూడు చెప్పి ఊరుకుంటాను. కుంజుణ్ణి రాజా 1963లో అడయారు నుంచి అచ్చువేసిన భారతీయ అర్థసిద్ధాంతాల పుస్తకం ఊరి మ్యాపు లాంటిది, ఎప్పుడైనా చదవవచ్చు. ఇంగాల్స్ 1951 నాటి నవ్యన్యాయ పుస్తకం, మతిలాల్ 1968లో అభావం మీద రాసినది మాత్రం దీపిక అయ్యాకే తెరవండి. మీలాంటి కంప్యూటర్ చదువు ఉన్నవాళ్లు అందులోని గుర్తులు చూసి, అంతా మనకు తెలిసిన లాజిక్కేనని హాయిగా అనువదించేసుకుంటారు. అక్కడే పట్టు జారుతుంది. మీరు చదువుకున్న లాజిక్ వాక్యాల రూపం గురించి మాట్లాడుతుంది. నైయాయికుడు ఒక మనిషికి కలిగిన జ్ఞానం గురించి, దానిలో ఏది దేనికి విశేషణంగా తోచిందో దాని గురించి మాట్లాడతాడు. ఈ తేడా గట్టిపడేవరకు గుర్తుల జోలికి పోవద్దు.

గురువు సంగతి. పుస్తకాలు ఎన్నున్నా వారానికి ఒక్కసారైనా పంక్తి చెప్పేవారు కావాలి. తిరుపతిలో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, 2020 దాకా రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం అనేవాళ్లం. అక్కడ న్యాయం చదువుకుని బయటికి వచ్చినవాళ్లు మన రెండు రాష్ట్రాల కాలేజీల్లో, పాఠశాలల్లో ఉన్నారు. అడిగితే సాయంత్రం పాఠం చెప్పేవాళ్లు దొరుకుతారు, మర్యాదగా అడగాలి, వేళ తప్పకూడదు, అంతే. వ్యోమ సంస్కృత పాఠశాల వాళ్ల ఆన్‌లైన్ పాఠాల్లో తర్కసంగ్రహం ఉంది, ఉద్యోగం చేసేవాళ్లకు అది వీలు. ఒక్కసారైనా వినాయక చవితి రోజుల్లో శృంగేరిలో జరిగే వాక్యార్థసభకు, అంటే పండితుల శాస్త్రచర్చకు వెళ్లి వెనకాల కూర్చోండి. సగం అర్థం కాకపోయినా శంక ఎలా లేస్తుందో, సమాధానం ఎలా దిగుతుందో చెవికి పడుతుంది.

మీ ఉద్యోగానికి దగ్గరగా ఒకటి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి గారి బృందం తయారు చేసిన సంసాధనీ అనే ఉపకరణాలు ఉచితంగా వాడుకోవచ్చు. వాక్యం ఇస్తే కారక సంబంధాల పటం గీసి ఇస్తుంది. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అన్న పాత మాటలనే యంత్రం చేత పని చేయించారు. ఆ పటంలో క్రియాపదమే అన్నిటికీ మొదట్లో ఉంటుంది, చూడగానే అది ఎవరి పక్షానికి దగ్గరో మీకు తెలియాలి. అయితే ముందు మీ పటం కాగితం మీద మీరు గీసుకోండి, తర్వాతే దానిలో చూడండి. ముందే చూస్తే మీకు పని మిగలదు.

కావ్యాలు మానేయకండి. రఘువంశ వ్యాఖ్యాత మల్లినాథుడు మన మెదక్ ప్రాంతపు కొలిచెలమవాడు, "అన్వయముఖేనైవ" (పదాల పొందిక ద్వారానే) వ్యాఖ్యానిస్తానని చెప్పుకుని మరీ రాశాడు. ఆయన తార్కికరక్ష అనే న్యాయగ్రంథానికి కూడా వ్యాఖ్య రాశాడు, తర్కం తెలిసిన చెయ్యి. ఆయన ఏ పదాన్ని ముందు అందుకుంటున్నాడో, ఏ పదం దగ్గర ఏ ప్రశ్న వేసుకుంటున్నాడో చూస్తే ఆకాంక్ష రోజూ కనిపిస్తుంది. మీరు రఘువంశం చదివారు కాబట్టి ఆ శ్లోకాలకే ఇప్పుడు మళ్లీ వెళ్లండి.

ఈ వారానికి మూడు వాక్యాలు ఇస్తున్నాను: "నీలో ఘటః", "చైత్రః గ్రామం గచ్ఛతి", "చైత్రేణ గ్రామో గమ్యతే". ఒక్కోదానికి ముఖ్యవిశేష్యం ఏది, ఏది దేనికి ఏ సంబంధంతో విశేషణం అని ముందు తెలుగులో, తర్వాత సంస్కృతంలో రాయండి. మొదటి రెండూ పైన ఉన్నాయి, చూడకుండా రాయండి. మూడోదానిలో ప్రథమ ఊరి మీదికి పోయింది, మరి నైయాయికుడు ఇప్పుడు ఎవరిని ప్రధానం అంటాడు, చైత్రుడి ప్రయత్నం ఊరి దాకా ఎలా వస్తుంది? అక్కడ మీ కలం ఏ మాట దగ్గర ఆగిందో ఆ మాట నాకు రాయండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.